హెయిర్‌పిన్ను ముల్లున్న గడియారం

మా అమ్మమ్మ చెయ్యి తగిలితే నీళ్ళలో పడ్డ ఫోనే కాదు, నీళ్ళలో పడి ప్రాణం పోయిన మనిషి కూడా లేచి కూర్చుని "హలో, ఎవరండీ?" అంటాడు. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అనుమానముంటే మా వీధిలో ఎవరినైనా అడగండి, వాళ్ళు ఇంకో రెండు ముక్కలు కలిపి చెబుతారు.

ఆవిడ తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. ఆయన పోయాక ఆ బల్లా, ఆ పనిముట్లూ ఆవిడకొచ్చాయి. గడియారాలు పోయి రేడియోలు వచ్చాయి, రేడియోలు పోయి ఫోన్లు వచ్చాయి. కాలం మారిపోయిందని ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు, స్క్రూడ్రైవరు సైజు మార్చింది, అంతే. కుడికంట్లో బిగించుకునే నల్ల భూతద్దం మాత్రం మార్చలేదు. యాభై ఏళ్ళు పెట్టుకోగా పెట్టుకోగా దాని అచ్చు కంటి చుట్టూ గుండ్రంగా దిగబడిపోయింది. అది తీసేసినా పెట్టుకున్నట్టే ఉంటుంది. చిన్నప్పుడు నేను అన్నం తిననని మొరాయిస్తే ఎవరూ బూచాడిని పిలిచేవాళ్ళు కాదు. అమ్మమ్మని ఓసారి ఇటు తిరగమనేవాళ్ళు.

దుకాణం రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉండేది. ముందు కౌంటరు, వెనక రెండు పనిబల్లలు, వాటి మీద మూడు ట్రేలు: వచ్చినవి, విప్పినవి, అయినవి. ఎదురుగోడ మీద తండ్రి నాటి గుండ్రటి గడియారం. దానికి నిమిషాల ముల్లు ఎప్పుడో విరిగిపోయింది. అమ్మమ్మ తలలోంచి ఒక హెయిర్‌పిన్ను లాగి, సాగదీసి, చదునుగా కొట్టి ఆ స్థానంలో బిగించింది. అలాంటి గడియారం భూమ్మీద ఇంకోటి లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. ఫోను ఇచ్చేవాళ్ళు తమ లాకు నంబరు చీటీ మీద రాసివ్వాలి. తెరవకపోతే బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది? ఆ చీటీ ఫోనుకి రబ్బరుబ్యాండుతో చుట్టేది. పని అయ్యాక ఆఖరి పరీక్ష మాత్రం తనే చేసేది. కౌంటరు దగ్గర నిలబడి ఫోను ఎత్తి గోడ గడియారాన్ని ఒక ఫొటో తీసేది. మనిషి వచ్చాక అది చూపించి, "చూడండి, హెయిర్‌పిన్ను మీద గీత కూడా కనిపిస్తోంది, మీ కెమెరా నిక్షేపంలా ఉంది" అనేది. తర్వాత వాళ్ళ కళ్ళముందే చీటీని నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కలు వాళ్ళ అరచేతిలోనే పెట్టేది. ఆ నాలుగు ముక్కల్లో తన నిజాయితీ మొత్తం ఉందనుకునేది.

పనివాడు ఒక్కడే. పన్నెండేళ్ళుగా ఉన్నాడు. గొంతు ఎంత చిన్నదంటే ఏం చెప్పినా ఎదుటివాళ్ళు కౌంటరు మీదికి వంగి చెవి పెట్టాల్సిందే. అందుకని అందరూ మెత్తనోడు అనేవాళ్ళు. చెయ్యి మంచిది. దుకాణం తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గరుంటే రెండోది వాడి దగ్గర.

ఒక సోమవారం పొద్దున ఎవరో ఒకాయన లోపలికొచ్చాడు. చేతిలో ఫోను బాగానే ఉంది. ఆయన కౌంటరు దగ్గరికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి గోడకేసి చూశాడు. పెదవుల మీద సన్నగా ఒక నవ్వు.

"ఇదేనా?" అన్నాడు.

"ఏది బాబూ?"

"ఏం లేదండీ." వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇద్దరొచ్చారు. వాళ్ళూ అంతే. గోడకేసి చూసి, ఒకడు ఇంకొకడిని మోచేత్తో పొడిచి, నవ్వు మింగుకుంటూ బయటికి నడిచారు. మర్నాడు ఒక చదువుకునే పిల్ల వచ్చి గడియారాన్ని ఫొటో తీసుకుంది. వెళ్ళబోతూ అమ్మమ్మ మొహం చూసి ఆగిపోయింది. ఆ కుడికన్నుని, దాని చుట్టూ ఉన్న గుండ్రటి అచ్చుని, గడియారాన్ని మార్చి మార్చి చూసి, నిజంగానే భయపడ్డట్టు అడుగు వెనక్కి వేసింది.

"ఏమ్మా, దెయ్యంలా ఉన్నానా?" అంది అమ్మమ్మ.

ఆ పిల్ల నవ్వలేదు. పరిగెత్తింది.

గడియారం తప్పు చూపిస్తోందేమోనని అమ్మమ్మకి అనుమానం వచ్చింది. స్టూలెక్కి దింపి, వెనక మూత విప్పి, నూనె చుక్క వేసి, మళ్ళీ తగిలించింది. అది నిమిషం తేడా లేకుండా తిరుగుతోంది. అదే ఇంకా బాగాలేదనిపించింది ఆవిడకి. ఆ సాయంత్రం దుకాణం ఫోను మోగింది. ఎత్తితే ముందు ఎవరూ పలకలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. తర్వాత మర్యాదగా ఒక మగగొంతు అడిగింది, "టైమెంతయింది, మామ్మగారూ?" వెనకాల చాలామంది నవ్వారు. ఫోను పెట్టేశారు.

మెత్తనోడు తల ఎత్తకుండా స్క్రూలు బిగించుకుంటున్నాడు.

బుధవారం వానలో చిన్నపిల్లల బడి టీచరమ్మ వచ్చింది. రెండు వారాల క్రితం ఫోను కిందపడి స్క్రీను పగిలితే ఇక్కడే వేయించుకుంది. గొడుగు ముడవలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. నీళ్ళు కారుతూ నిలబడి, ఫోను కౌంటరు మీద పెట్టింది.

"ఇది మీ గోడేనా, మామ్మగారూ?"

తెర మీద గడియారం. నాలుగూ పది. హెయిర్‌పిన్ను మీద గీత కూడా కనిపిస్తోంది.

"మా గోడే. నేనే తీశాను. మీకు చూపించాను కదమ్మా అప్పుడు?"

"చూపించారు. ఇంటికెళ్ళగానే తుడిచేశాను. ఇది నా ఫోన్లోది కాదు. ఊరందరి ఫోన్లలో ఉన్నది. ఇది మొదటిది. దీని తర్వాతవి నావి."

అమ్మమ్మ బొటనవేలు అలవాటుగా తెర మీదికి వెళ్ళింది.

"జరపకండి!" అంది టీచరమ్మ.

ఆ వేలు అక్కడే ఆగింది. ఆ తర్వాతి ఫొటోలు మా అమ్మమ్మ ఆ రోజూ చూడలేదు, ఈ రోజు వరకూ చూడలేదు. టీచరమ్మకి రొమ్ముకి ఆపరేషన్ జరిగింది. గాయం ఎలా మానుతోందో డాక్టరమ్మకి పంపడానికి రోజుకొకటి చొప్పున తీసుకున్న ఫొటోలవి. వాటిని ఎవరో మొత్తంగా ఎత్తి బయటపెట్టారు. ఏది ఏమిటో చూసుకోకుండా పెట్టేశారు కాబట్టి, అన్నిటికన్నా చివర తీసిన గడియారం అన్నిటికన్నా ముందొచ్చి కూర్చుంది.

వేలు జరపలేక అమ్మమ్మ ఆ ఒక్క ఫొటోనే రెండు వేళ్ళతో పెద్దది చేసింది. గడియారం అద్దంలో ఎవరో ఉన్నారు. ఒక ముసల్ది. కుడికంటి చోట నల్లటి గుండ్రటి గొట్టం. చేతులెత్తి ఏదో పట్టుకుని, చూస్తున్నవాడి కళ్ళల్లోకి సూటిగా చూస్తోంది. ఒళ్ళు జలదరించాక గాని అది తనేనని ఆవిడకి తట్టలేదు. ఆ ఫొటోలు తెరిచిన ప్రతివాడికీ ముందు తనే ఎదురవుతోంది. గుమ్మంలో నిలబెట్టిన మనిషిలా, రండి రండి అన్నట్టు.

"శుక్రవారం పది గంటలకి బడి కమిటీ కూర్చుంటోంది," అంది టీచరమ్మ. "నేనే ఎవడికో పంపుకున్నానంటున్నారు. అలాంటిదాన్ని పిల్లల ముందు ఎలా నిలబెడతాం అంటున్నారు. నాకేం వద్దండీ. ఇక్కడ దొంగిలించారని ఒక్క కాగితం రాసివ్వండి. లేకపోతే నా పని పోతుంది. పని ఒక్కటే కాదు..."

మా అమ్మమ్మ వెంటనే సరే అనలేదు. ఈ మాట దాచిపెడదామనుకున్నాను గాని, దాస్తే ఆవిడే పట్టుకుంటుంది. "రేపు రామ్మా" అని పంపేసింది.

తర్వాత వెనక్కి తిరిగి మెత్తనోడిని చూసింది. వాడు అప్పటికే స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుంటున్నాడు.

"నువ్వేనా?" అంది.

వాడేదో అన్నాడు. వినపడలేదు. పన్నెండేళ్ళ అలవాటు, ఆవిడ వంగి చెవి పెట్టింది.

"చూశానమ్మా. బాగుంటే ఇద్దరు స్నేహితులకి పంపుతాను. వాళ్ళే బయటపెట్టారు."

"ఈ ఒక్కటేనా?"

"వచ్చినవన్నీ." వాడి గొంతులో సిగ్గూ లేదు, భయమూ లేదు. టీ చల్లారిందని చెప్పినట్టు చెప్పాడు. "మీరు చీటీ చింపి వాళ్ళ చేతిలో పెడతారు కదా. నంబరు నాకు గుర్తుండిపోతుంది. మన పక్క సందులో డాక్టరుగారిది రెండు ఏడు రెండు ఒకటి. మీ అబ్బాయిగారిది ఆయన పెళ్ళి తారీఖు. మీది అన్నీ సున్నాలు, అది మార్చుకోండమ్మా, మంచిది కాదు."

తాళంచెవి కౌంటరు మీద పెట్టి వానలోకి నడిచాడు. గొడుగు తీసుకోలేదు. రెండు రోజుల తర్వాత పోలీసులు వెతికితే ఇంట్లో లేడు.

ఆవిడ ఒక్కతే మిగిలింది. ట్రేలలో ముప్ఫై ఫోన్లదాకా ఉన్నాయి, అన్నీ కెమెరాలు పైకి. ముప్ఫై చిన్న నల్లటి గుండ్రాలు, తన భూతద్దం పిల్లలు పెట్టినట్టు. ఆవిడ లేచి ఒక్కొక్కటే తిరగేసింది. తిరగేసిన కాసేపటికి ఒకదాని తెర వెలిగింది, ఎవరో ఎవరికో ఏదో పంపినట్టు. ఇంకొకటి వెలిగింది. వాన చీకట్లో ఆ వెలుగులు సీలింగు మీద కదిలాయి. మధ్యాహ్నం మూడు గంటలకే షట్టరు దించేసింది.

మా మామయ్య ప్లీడరు. అమ్మమ్మ పెద్ద కొడుకు. సంగతి విని నల్లకోటు కూడా తియ్యకుండా పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఒక్క అక్షరం రాయకు. వాణ్ణి నువ్వు చూడమన్నావా?"

"లేదు."

"పంపమన్నావా?"

"లేదురా."

"అదీ! వాడు చేసింది వాడి సొంత వెధవపని. నీ పనిలో భాగం కాదు. కోర్టులో అలాగే నిలబడతాం. కానీ 'మా దుకాణంలో, మా పనివాడు' అని నువ్వే రాసిచ్చావనుకో, దుకాణం నీ మెడకు చుట్టుకుంటుంది. పోయేది బల్లా, పనిముట్లే కాదు, గోడలతో సహా పోతుంది. అసలు ఇక్కడే పోయాయని ఏముంది? ఆ అమ్మాయే ఎవరికైనా పంపి ఉండొచ్చు."

"గడియారం కూడా ఆ అమ్మాయే పంపిందా?"

మామయ్య గోడకేసి చూశాడు.

"దాన్ని దింపెయ్యమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడ అలాంటిదేదీ ఉన్నట్టు నీకు గుర్తులేదు. అంతే."

మా అమ్మమ్మ దింపేసింది. అవును, దింపింది. తువ్వాల్లో చుట్టి బల్ల సొరుగులో పెట్టింది. ఆ దుకాణం ఆవిడకి తండ్రి, మొగుడు, అన్నం పెట్టిన కొడుకు. దాన్ని ఒక కాగితం ముక్క కోసం వదులుకోవడానికి ఆవిడ చెయ్యి ఒప్పలేదు. గురువారం టీచరమ్మ వస్తే, "ఒంట్లో బాగాలేదమ్మా, తర్వాత చూద్దాం" అంది. టీచరమ్మ ఖాళీ గోడని చూసింది. గడియారం ఉన్నచోట అరవై ఏళ్ళ దుమ్ము మధ్యన తెల్లగా, గుండ్రంగా ఒక మచ్చ. "సరే మామ్మగారూ" అని వెళ్ళిపోయింది.

ఆ రోజు కూడా జనం వచ్చారు. గడియారం లేదు కదా, ఇక ఏం చూస్తారు అనుకుంది ఆవిడ. వాళ్ళు ఆ తెల్లమచ్చని చూశారు. అది ఇంకా బాగుందన్నట్టు చూశారు. సొరుగులో గడియారం కొట్టుకుంటూనే ఉంది. బల్ల మీద మోచెయ్యి ఆనిస్తే చెక్కలోంచి ఎముకలోకి ఎక్కుతోంది, టిక్, టిక్. తువ్వాలు ఇంకో రెండు చుట్లు చుట్టింది. అయినా ఎక్కింది.

నాలుగు గంటలకి ఒక ముసలాయన వచ్చాడు. రేడియోల కాలం నుంచీ ఆవిడ దగ్గరికే వస్తాడు. మెడకు వేలాడే సంచీలోంచి ఫోను తీసి ఇచ్చాడు. అడక్కుండానే చీటీ కూడా ఇచ్చాడు.

"నంబరు రాసేశానమ్మా. ఇందులో మా ఆవిడ ఉంది. పోయేముందు మాట్లాడిన మాటలూ, ఫొటోలూ, అన్నీ. కొడుకులకి కూడా చూపించలేదు. మీ దగ్గరైతే నాకు భయం లేదు."

ఆవిడ చెయ్యి చాపలేదు. ఆ చీటీ వాళ్ళిద్దరి మధ్యా గాలిలో అలాగే ఉండిపోయింది.

"నా చేతికి ఇవ్వకండి," అంది. "దీన్ని తీసుకుని ఇంటికెళ్ళండి. ఇక్కడ ఇవ్వడం మంచిది కాదు."

"అదేంటమ్మా, నేనేమన్నా అన్నానా?"

"మీరేం అనలేదు. వెళ్ళండి." ఆయన వెళ్ళాక సొరుగు తీసింది.

శుక్రవారం పది గంటలకి బడిలో కమిటీ కూర్చుంది. చిన్నపిల్లల గది కాబట్టి కుర్చీలన్నీ మోకాలెత్తువి. నలుగురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి, అయిదుగురూ మోకాళ్ళు గడ్డాలకి తగిలించుకుని కూర్చున్నారు. టీచరమ్మ మూలన నిలబడి ఉంది. మామయ్య బయట వరండాలో తల పట్టుకున్నాడు, లోపలికి రానన్నాడు. అమ్మమ్మ చంకలో తువ్వాలు మూటతో లోపలికి నడిచింది.

కమిటీ పెద్దాయన చేతులు జోడించాడు. "చూడండమ్మా, ఆ ఫొటోలు మేమెవరం చూడలేదు. అలాంటివి మేం చూడం. ఊళ్ళో అనుకుంటుంటే చెవినపడింది, అంతే."

"మంచిది బాబూ. చూడకూడదు కూడా," అంది అమ్మమ్మ.

మూట బల్ల మీద పెట్టి విప్పింది. టిక్, టిక్ ఒక్కటే వినిపించింది.

"టైమెంతయిందండీ?" అని అడిగింది ఆవిడ, మర్యాదగా.

పెద్దాయన మొహం సున్నం కొట్టినట్టయింది. ఆయన పక్కనాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు, ఎంతకీ ఆపలేదు. మూడో ఆయన కిటికీలోంచి వాననే చూస్తున్నాడు. నాలుగో ఆయన గడియారం వంక కాదు, అమ్మమ్మ కుడికంటి వంక చూసి, చటుక్కున తల దించుకున్నాడు. ఆ కన్ను ఇంతకుముందు ఎక్కడ కలిసిందో ఆయనకి బాగా తెలుసు.

కమిటీలో ఉన్న ఆడమనిషి ఒక్కతే ముందుకు వంగింది.

"పదీ పన్నెండు అయిందమ్మా... అయ్యో, ఇదేంటి? ముల్లు బదులు హెయిర్‌పిన్ను పెట్టారా? ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదే!"

"చూడనివాళ్ళు అలాగే అడుగుతారు తల్లీ," అంది అమ్మమ్మ.

అమ్మమ్మ మిగతా నలుగురి వంక చూసింది. ఒక్కొక్కరి వంకా తీరిగ్గా, విప్పిన ఫోన్లోకి చూసినట్టు చూసింది. వాళ్ళలో ఒక్కడు కూడా ముల్లు గురించి అడగలేదు.

"ఈ పిల్ల ఎవరికీ ఏమీ పంపలేదు. నా దుకాణంలో, నా పనివాడు దొంగిలించాడు. ఫోను నమ్మి ఇచ్చింది వాడికి కాదు, నాకు. నంబరు రాసిచ్చింది వాడికి కాదు, నాకు. కాగితం తెండి."

రాసి, సంతకం పెట్టి, తారీఖు వేసింది. వరండాలో మామయ్య "అయిపోయింది" అన్నాడు. గోడకే చెప్పాడు.

మామయ్య చెప్పింది చెప్పినట్టే జరిగింది. టీచరమ్మ పని నిలబడింది. ఆ తర్వాత ఆమె దుకాణం మీద దావా వేసింది, మా అమ్మమ్మ రాసిచ్చిన కాగితాన్నే ముందు పెట్టి. ఇంట్లో అందరం భగ్గుమన్నాం. అమ్మమ్మ మాత్రం, "వెయ్యాలి మరి. వెయ్యకపోతే తప్పు" అని ముద్ద నోట్లో పెట్టుకుంది. ఫోనూ, నంబరూ వాడి చేతికి వచ్చింది ఆ ఉద్యోగం వల్లే కాబట్టి, ఆ ఉద్యోగం ఇచ్చినవాళ్ళే జవాబు చెప్పాలని కోర్టు తేల్చింది. మామయ్య మూడేళ్ళు వాదించి, సొంత తల్లి సంతకం చేతిలో ఓడిపోయాడు. దుకాణం పోయింది. ఇప్పుడు అక్కడ చెప్పులమ్ముతారు. గోడ మీద తెల్లమచ్చకి రెండుసార్లు రంగు వేశారట, మళ్ళీ మళ్ళీ పైకి తేలుతోందట. అది నేను వెళ్ళి చూడలేదు. వెళ్ళను కూడా.

గడియారం ఇంట్లో అమ్మమ్మ మంచానికి ఎదురుగా ఉంది. ఆవిడ దాని అద్దం మాత్రం తీసేసింది. వట్టి ముళ్ళు తిరుగుతుంటాయి. టీచరమ్మ వీధిలో కనిపిస్తే తల ఊపుతుంది, ఈవిడా ఊపుతుంది. అంతకుమించి ఏమీ లేదు.

తొమ్మిదో తరగతి దాటని నా చదువుతో నాకు వచ్చినట్టు ఇదంతా రాసి, మొన్న ఆవిడకి చదివి వినిపించాను. నీళ్ళలో పడి ప్రాణం పోయిన మనిషి లేచి కూర్చుంటాడు అన్న మాట దగ్గర నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చివరిదాకా విని, ఆ గుండ్రటి అచ్చులోంచి నా వంక చూసింది.

"ఆ మొదటి ముక్క కొట్టెయ్యవే," అంది. "ఆ పిల్ల ఫొటోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి ముందు నేనూ ఇంకా నిలబడే ఉన్నాను. అది బాగుచెయ్యడం నావల్ల కాలేదని రాయి."